గొట్టం మింగితే మొక్క ఫ్రీ

ఆ ప్రకటన మీరూ చూసే ఉంటారు. ‘గ్రీన్ ఎండోస్కోపీ’ అట. గొట్టం వేయించుకున్న ప్రతి పేషెంటు చేతిలో ఇంటికెళ్లేటప్పుడు ఒక మొక్క పెడతారట. ఆసుపత్రి పేరు నేను రాయను. సగం పేజీ కొనుక్కుని వాళ్లే రాసుకున్నారు.

ఎంత గొప్ప ఆలోచన! తెలంగాణలో 2015లో హరితహారం మొదలుపెట్టి ఊరూరా గుంతలు తవ్వించారు, సర్పంచుల్ని ఉరికించారు. నాటినవాటిలో ఎన్ని బతికాయో మేకలకే తెలియాలి. ఈ సులువు అప్పుడెవరికీ తట్టలేదు. ఇక నర్సరీలన్నీ ఎండోస్కోపీ గది పక్కకు మార్చేస్తే సరి. పైనుంచి గొట్టం వేస్తే వేప, కిందినుంచి వేస్తే కానుగ. ఒకే మత్తులో రెండూ కానిచ్చే ప్యాకేజీకి మర్రి. దంపతులు కలిసొస్తే రావినీ వేపనూ జంటగా ఇచ్చి, అక్కడే పెళ్లి కూడా చేసేయొచ్చు.

అడవి తగ్గిన జిల్లాలో కలెక్టరుగారు అజీర్తి మేళా పెడతారు. మిరపకాయ బజ్జీల ఖర్చు అటవీశాఖది. పులితేన్పు వచ్చిన ప్రతివాడూ పర్యావరణ ప్రేమికుడే.

‘‘ఏం బావా, కడుపులో మంటా?’’

‘‘లేదు బావా, మా వీధిలో నీడ లేదు.’’

వానలు ముఖం చాటేసిన ఏడు వరుణయాగం దండగ. ఊరంతా పరగడుపున క్యూ కట్టి నోరు తెరిస్తే చాలు. నిరుడిచ్చిన మొక్క ఎండిపోయిందా? మళ్లీ పడుకోండి, మళ్లీ గొట్టం.

గొట్టం వేస్తే పోగయ్యే చెత్తంటారా? రెండు అమెరికా ఆసుపత్రుల్లో తూచి చూస్తే ఒక్కో ఎండోస్కోపీకి సగటున 2.1 కిలోలు తేలిందని 2022లో ‘గట్’ అనే వైద్య పత్రిక అచ్చేసింది. స్కోపు కడిగే నీళ్లూ రసాయనాలూ దీనికి అదనం. ఎంత కడిగినా వదలని క్రిములకు భయపడి అమెరికా 2019లో చిన్నపేగు మొదటి భాగం దాకా వెళ్లే డుయోడినోస్కోపులో ఒక్కసారి వాడి పారేసే రకానికి కూడా అనుమతిచ్చింది. దానికేముంది, రెండో మొక్క ఇస్తే పోలా?

అదే 2022లో యూరప్ ఎండోస్కోపీ డాక్టర్ల సంఘం ఈ కాలుష్యం తగ్గించే దారులు రాసింది. అవసరం లేని గొట్టం వేయొద్దంది, వేసినవి అవసరమో కాదో ఆడిట్ చేసుకోమంది. మనవాళ్లకు ఆ పేజీ కనపడదు. పాతికేళ్ల కుర్రాడు కడుపుబ్బరమన్నాడు. బరువు తగ్గలేదు, మింగడానికి ఇబ్బంది లేదు, రక్తం పడలేదు. ఊదే పరీక్షతోనో మల పరీక్షతోనో కడుపులో హెలికోబాక్టర్ క్రిమి ఉందో లేదో తేలిపోతుంది. ఆ పిల్లాడి గొంతులోకి గొట్టం ఎందుకు దించారయ్యా? నెలాఖరుకు మేనేజ్‌మెంటు పెట్టిన టార్గెట్ నిండాలి కాబట్టి! బయాప్సీ ముక్కకు పసుపు సంచీ, ప్లాస్టిక్ ట్యూబుకు ఎర్ర సంచీ అని రూలుంది. ఎండోస్కోపీ బిల్లు కట్టడానికి ఆ పిల్లాడి నాన్న తెచ్చిన అప్పును ఏ రంగు సంచీలో వేయాలి? అవతల నిజంగా రక్తం కక్కుకుంటున్న మనిషిని స్కోపు లేదనో, ఉన్నా వేసే డాక్టరు లేడనో జిల్లా ఆసుపత్రి నుంచి రాత్రికి రాత్రి హైదరాబాద్ తోలుతున్నారు. దారిలో పోతే ఆ ప్రాణం ఎవరి ఖాతా?

మొక్క మీ దగ్గరే ఉంచుకోండి. పోయిన ఏడాది ఎన్ని గొట్టాలు దించారు, వాటిలో ఎన్నింటికి కేస్ షీట్‌లో సరైన కారణం రాసి ఉంది? ఆ రెండు అంకెలూ మీ రిసెప్షన్ గోడ మీద రాయించండి.