మందారం చిగురు మీది పిండినల్లికి బహిరంగ లేఖ

పిండినల్లీ,

శివరాత్రితో చలి వెళ్లిపోయింది. ఎండలు ఇంకా ముదరలేదు. పెరట్లో మొక్కలన్నీ పూతకొచ్చే ఈ అదను చూసుకునే ఏటా నువ్వూ దిగుతావు. ముద్దమందారం కొమ్మ చివర, రెండు లేతాకుల సందులో నిన్ను చూశాను. నీతో నేరుగా, నలుగురూ వినేలా మాట్లాడాలని ఈ ఉత్తరం రాస్తున్నాను. నువ్వు చేసే నష్టం చిన్నదేమీ కాదు. నీ మీద కోపంతో మేం చేసుకునే నష్టం అంతకన్నా పెద్దది. ఆ రెండో నష్టం గురించే నా బాధంతా.

గోదావరి గట్టున ఉన్న ఊరు మాది. కడియం నర్సరీలు దగ్గరే కాబట్టి ఇక్కడ మొక్క లేని ఇల్లు అరుదు. నువ్వొచ్చి పడింది ఎలాంటి చోటో ఒకసారి చూడు. చలికాలంలో నీళ్లు తగ్గించి, ఆకు దూసి, కొమ్మలు కత్తిరించిన మల్లె ఇప్పుడు కొత్త రెమ్మ రెమ్మకూ మొగ్గ తొడిగింది. పచ్చగా ఉన్న మొగ్గ మధ్యాహ్నం దాటేసరికి తెల్లబడి ఉబ్బుతుంది. విచ్చకముందే కోసుకోవాలి. మాల కట్టి తల్లో పెట్టుకున్నాక, దీపాలు పెట్టే వేళకు విచ్చి ఇల్లంతా వాసన నింపుతుంది. నూరువరహాలు గుత్తులు గుత్తులుగా ఎర్రబడ్డాయి. నందివర్ధనం ముదురు ఆకుల మధ్య తెల్లగా నవ్వుతోంది. గోడ మీద కాగితంపూల తీగకు నీళ్లు తగ్గేకొద్దీ రంగు ఎక్కువవుతోంది. అక్కడ మనం పువ్వు అనుకునేవి నిజానికి రంగు పట్టిన ఆకులు, అసలు పువ్వు వాటి మధ్యన ఉండే సన్నటి తెల్లని గొట్టం. పూల కోసం పెంచని మొక్కలదీ ఇదే కాలం. వేప పాతాకు రాల్చి రాగిరంగు చిగురేసింది. కరివేప మోడులా ఉన్నచోటల్లా లేత రెమ్మలు లేచాయి. క్రోటన్ల కొత్తాకులు పచ్చగా వచ్చి, ముదిరేకొద్దీ పసుపూ ఎరుపూ పూసుకుంటున్నాయి.

మందారం సంగతి వేరు. దాని పువ్వు సాధారణంగా ఒక్కరోజుది. పొద్దున విచ్చి సాయంత్రానికి ముడుచుకుపోతుంది. రేపటి పువ్వు రావాలంటే కొత్త చిగురు సాగాలి, ఆ చిగురు మీద మొగ్గ కట్టాలి. నువ్వు సరిగ్గా ఆ చిగురునే పట్టుకుంటావు. సూదిలాంటి నోటిని లేత కాడలోకి దింపి రసం పీలుస్తావు. మందారాన్ని ఎక్కువగా పట్టే గులాబీరంగు జాతివైతే నీ లాలాజలమే మొక్కకు విషం. దాంతో కణుపుల మధ్య దూరం తగ్గిపోయి, ఆకులు ముడతలు పడి, కొమ్మ చివర ముద్దకట్టిపోతుంది. మొగ్గలు విచ్చకుండానే రాలిపోతాయి. ఒక్క చిగురు నీ పాలైతే దాని మీద వరసగా రావలసిన పూలన్నీ పోయినట్టే.

నీ బలం ఎక్కడుందో గమనించాను. మొక్క రసంలో చక్కెర ఎక్కువ, మాంసకృత్తులకు కావలసిన సరుకు తక్కువ. కావలసినంత దొరికేదాకా నువ్వు రసం తాగుతూనే ఉండాలి. మిగిలిన చక్కెరను తీపి బంకగా బయటికి వదులుతావు. ఆ బంక కింది ఆకుల మీద పడితే దాని మీద నల్లటి మసి తెగులు పెరిగి, ఆకుకు ఎండ తగలకుండా చేస్తుంది. అదే బంక కోసం చీమలు బారులు తీరతాయి. అవి ఊరికే తిని పోవు. నీ పిల్లలను ఒక కొమ్మ నుంచి ఇంకో కొమ్మకు మోస్తాయి, నిన్ను తినడానికి వచ్చే పురుగులను తరిమేస్తాయి. మందారం కాండం మీద చీమల బారు కనిపిస్తే పైన నువ్వో నీలాంటి రసం పీల్చే పురుగో ఉందని అర్థం.

నీ ఆడదానికి రెక్కలు లేవు. అయినా నీ సంతతి వీధంతా పాకుతుంది. మీలో చాలా జాతుల ఆడవి మైనపు పోగుల సంచిలో వందల కొద్దీ గుడ్లు పెడతాయి. గుడ్డు నుంచి వచ్చిన పిల్లలు కంటికి ఆననంత చిన్నవి. గాలికి కొట్టుకుపోతాయి, మా చేతులకూ బట్టలకూ కత్తెరకూ అంటుకుంటాయి. వేడి రోజుల్లో ఇంచుమించు నెలకో తరం లేస్తుంది. వానాకాలంలో జోరువాన నిన్ను కొమ్మల మీద నుంచి కడిగేస్తుంది. మాఘం దాటాక ఆ భయం లేదు కాబట్టే ఇంత ధీమా నీకు.

ఇక్కడే మావాళ్ల తొందరపాటు మొదలవుతుంది. తెల్లగా కనిపించగానే పురుగుమందుల కొట్టుకు వెళ్లి, గట్టి మందు ఇవ్వమని అడిగేవాళ్లు మా వీధిలోనూ ఉన్నారు. డబ్బా మీద వజ్రం ఆకారపు గుర్తులో కింది సగం ఎర్రగా ఉంటే అది అత్యంత విషపూరితమైన మందు అని అర్థం. పొలంలో వాడటానికే ఎన్నో జాగ్రత్తలు కావలసిన అలాంటి మందును, పిల్లలు ఆడుకునే పెరట్లో, ముక్కుకు గుడ్డయినా కట్టుకోకుండా కొడుతున్నారు. నీ ఒంటి మీద మైనపు పూత ఉంది. నువ్వు దాక్కునేది ముడుచుకున్న ఆకుల లోపల. గుడ్లు సంచిలో భద్రంగా ఉంటాయి. మందులో చాలా భాగం జారి కింద పడుతుంది, లేదా పక్కింటి వైపు గాలికి పోతుంది. కొద్ది రోజులకే ఆ గుడ్లు పొదుగుతాయి, నువ్వు మళ్లీ కనిపిస్తావు.

మరి ఆ మందుకు చచ్చేదెవరు? మందారం తేనె కోసం వచ్చే తేనెటీగలు. నిమ్మాకు మీద, రేపోమాపో సీతాకోకచిలుక కావలసిన పచ్చటి పురుగు. ఈ రోజుల్లోనే గూడు కట్టి, పిల్లలకు పురుగులను ఏరి తెచ్చిపెట్టే తేనెపిట్టకూ ఆ విషం తప్పదు. మా సంగతి కూడా ఉంది. పొద్దున మందు కొట్టిన మల్లెమొగ్గ సాయంత్రం ఆడపిల్ల తల్లోకి వెళుతుంది. అదే మందారం దేవుడి పటం మీదికీ, తలనూనెలోకీ వెళుతుంది. పక్కనే ఉన్న కరివేపాకు చారులోకి వస్తుంది. పూల కోసం పెంచుకున్న పెరట్లో పూలను ముట్టుకోవడానికి భయపడే స్థితి మాకెందుకు?

నిన్ను విషంతో ఓడించలేమని చెప్పడానికి ఈ దేశంలోనే పెద్ద రుజువు ఉంది. మెక్సికో, మధ్య అమెరికా ప్రాంతానికి చెందిన నీ బంధువు ఒకటి, బొప్పాయి పిండినల్లి, 2008లో కోయంబత్తూరులో బయటపడింది. బొప్పాయితో ఆగలేదు. మల్బరీ, కర్రపెండలం, మందారం, ఏది దొరికితే దాన్ని పట్టింది. రైతులు మందుల మీద మందులు కొట్టారు. అది తగ్గకపోగా పక్క రాష్ట్రాలకూ పాకింది. 2010లో బెంగళూరులోని ఒక జాతీయ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు దాని సహజ శత్రువులైన మూడు రకాల కందిరీగలను ప్యూర్టోరికో నుంచి తెప్పించారు. వాటిలో అసెరోఫేగస్ పపాయే అనేది మిల్లీమీటరు పొడవు కూడా ఉండదు. అది పిండినల్లి ఒంట్లో గుడ్డు పెడుతుంది. పుట్టిన పిల్ల లోపలి నుంచి దాన్ని తినేసి బయటికి వస్తుంది. వాటిని తోటల్లో వదిలాక, మందు ఆపిన చోటల్లా నెలల్లోనే పిండినల్లి అదుపులోకి వచ్చింది. పత్తి చేలను పట్టిన ఇంకో జాతి కథా దాదాపు ఇదే. దాన్ని అణచడంలో పెద్ద చేయి ఏనాసియస్ అనే కందిరీగది. ఈ కందిరీగను మన చేలకు ఎవరూ పనిగట్టుకుని తేలేదు, తనంతట తానే వచ్చింది.

మా పెరట్లోనూ నీకు శత్రువులున్నారు. అక్షింతల పురుగుల్లో క్రిప్టోలీమస్ అనే జాతిని ఆస్ట్రేలియా నుంచి ఈ దేశానికి 1898లోనే తెచ్చారు. నల్లటి ఒళ్లు, నారింజరంగు తల. పెద్ద పురుగూ నిన్నే తింటుంది, దాని పిల్లా నిన్నే తింటుంది. ఆ పిల్ల ఒంటి మీదా నీకున్నట్టే తెల్లటి మైనపు పోగులు ఉంటాయి. మావాళ్లు దాన్ని చూసి బాగా బలిసిన పిండినల్లి అనుకుని వేలితో నలిపేస్తున్నారు. నీకు ఇంతకన్నా మేలు చేసేవాళ్లు ఎవరూ ఉండరు. తేడా గుర్తించడం కష్టమేమీ కాదు. నువ్వు ఉన్నచోట అతుక్కుని గుంపుగా ఉంటావు. అది ఒంటరిగా చకచకా నడుస్తుంది, ఎదిగేసరికి నీకు మూడు నాలుగు రెట్లు ఉంటుంది, ఒంటి పోగులు పొడుగ్గా వేలాడుతుంటాయి. పుల్లతో తాకితే కదిలి పోయేదాన్ని వదిలేయాలి.

కాబట్టి నీతో నా యుద్ధం ఎలా సాగుతుందో దాచకుండా చెబుతున్నాను. ముందు నీ చీమలను ఆపుతాను. ఆవకాయ జాడీ కింద నీళ్ల పళ్లెం పెట్టినట్టే కుండీల స్టాండు కాళ్ల కింద నీళ్ల గిన్నెలు పెడతాను. నేలలో ఉన్న మందారం కాండానికి గుడ్డ చుట్టి, ఆ గుడ్డ మీద గ్రీజు పూస్తాను. గోడకూ పక్క మొక్కకూ ఆనుకున్న కొమ్మలు కత్తిరిస్తాను, లేకపోతే చీమలు ఆ దారిన వస్తాయి. ముద్దకట్టిన చిగుళ్లను తుంచి సబ్బునీళ్ల బకెట్లో ముంచుతాను. గోడ అవతల పారేయను. అలా పారేస్తే నిన్ను నేనే వీధిలోకి పంపినదాన్ని అవుతాను.

మిగిలిన కొమ్మలను పొద్దున్నే పైపు నీటి ధారతో ఆకు అడుగు నుంచి కడుగుతాను. ఇంకా మిగిలితే లీటరు నీళ్లకు 5 మిల్లీలీటర్ల వేపనూనె. నూనె నీళ్లలో కలవడానికి ముందుగా కాస్త కుంకుడు రసమో సబ్బునీళ్లో దానికి కలిపి, ఎండ తగ్గాక సాయంత్రం కొడతాను. మిట్టమధ్యాహ్నం కొడితే నూనెకు ఆకులు మాడతాయి. అక్షింతల పురుగు పిల్లలు తిరుగుతున్న కొమ్మ జోలికి పోను. వారానికోసారి, నీ గుడ్లన్నీ పొదిగి అయిపోయేదాకా ఇదే పని. యూరియా గుప్పిళ్లతో వేయను. నత్రజని ఎక్కువైతే వచ్చే మెత్తటి చిగురు నీకే విందు. గోడ వారన నీకు ఆశ్రయమిచ్చే వయ్యారిభామనూ తుత్తురబెండనూ పీకేస్తాను. కొత్త మొక్క ఎక్కడ కొన్నా రెండు వారాలు విడిగా పెట్టి, ఆకుల అడుగున చూశాకే మిగతా కుండీల మధ్యకు చేరుస్తాను.

నువ్వు పూర్తిగా పోవాలని నేను కోరుకోవడం లేదు. నువ్వు ఏ కొమ్మ మీదా లేకపోతే అక్షింతల పురుగుకు తిండి ఉండదు, అది పెరట్లో నిలవదు. నువ్వు మళ్లీ వచ్చిన రోజున కాపలా ఉండదు. ఎక్కడో ఒక మూల కొద్దిగా ఉండు. పూలకొమ్మను మాత్రం వదులు.

ఇక ఈ ఉత్తరం చదువుతున్న అక్కయ్యలకూ అన్నయ్యలకూ ఒక మాట. మీ మందారం మీద తెల్లగా కనిపించిన రోజున మందుల కొట్టుకు వెళ్లకండి. ఎర్ర గుర్తు డబ్బా ఇంట్లో ఉంటే పూలమొక్కల దగ్గరికి తేకండి. ముందు చీమల బారు ఎక్కడ మొదలైందో చూడండి. చిగుళ్లు తుంచండి, నీళ్లతో కడగండి, కదిలే తెల్లపురుగును చంపకుండా వదలండి. నెల రోజులు ఓపిక పట్టండి. మీరు పట్టి, పక్కింటివాళ్లు విషం కొడితే లాభం లేదు, కందిరీగకూ తేనెటీగకూ ప్రహరీగోడలు తెలియవు. అందుకని ఈ ఉత్తరాన్ని పక్కింటి వదినగారికీ చదివి వినిపించండి. ఈ వేసవిలో మన వీధి మల్లెలు ఏ భయమూ లేకుండా పిల్లల తల్లో పెట్టుకునేలా ఉండాలి. అది మన చేతుల్లో ఉన్న పనే.

ఇట్లు,
పెరటి మొక్కలను ప్రేమించే ఒక ఇల్లాలు