ధాతువు బాబాయ్

ఇబ్రహీంపట్నం రింగు సెంటర్లో సాయంత్రం పూట ఒక పెద్దాయన ఒక కుర్రాడి చెవిలో గుసగుసలాడుతున్నాడంటే, అది అప్పు సంగతైనా అయ్యుండాలి, ధాతువు సంగతైనా అయ్యుండాలి. అప్పిచ్చినవాళ్లు మా బాబాయంత మెల్లగా మాట్లాడరు.

థర్మల్ స్టేషన్లో ఓ కాంట్రాక్టరు దగ్గర లెక్కలు రాసి ఇంటిపట్టున కూర్చున్న మనిషి. వైద్యం చదవలేదు. రూపాయి పుచ్చుకోడు. చిక్కంతా అక్కడే. డబ్బడిగితే ఎవడైనా లేచిపోయేవాడు.

"కళ్ల కింద ఆ నలుపేంట్రా?" అని మొదలెడతాడు. బొగ్గు దుమ్ములో నైట్ షిఫ్టు చేసొచ్చినవాడి కళ్ల కింద నలుపు కాక గంధం ఉంటుందా? అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి, "నిద్దట్లో పోతోందా?" అంటాడు. పెళ్లికాని పాతికేళ్లవాడు ఏమని చెబుతాడు? తలొంచుకుంటాడు. దొరికిపోయాడు.

"అన్నం రసమవుద్ది, రసం రక్తం, రక్తం మాంసం, ఆపైన మేదస్సు, ఎముక, మజ్జ. ఏడో మెట్టు మీద శుక్రం! నలభై చుక్కల రక్తానికి ఒక్క చుక్కరా అబ్బాయ్!" ఏడు ధాతువుల వరస శాస్త్రంలోదే, కాదనం. నలభై చుక్కల లెక్క మాత్రం కాంట్రాక్టరు బిల్లు బాపతు, కొలిచినవాడు కనపడడు.

ఇక పథ్యం. ఆవకాయ బంద్. గోంగూర బంద్. ఎండుమిరపకాయ కనపడకూడదు. కృష్ణా జిల్లాలో పుట్టినవాడికి ఇంతకంటే జైలు నయం. ఏడింటికల్లా సొరకాయ కూరతో భోజనం, పడుకోబోయే ముందు కాళ్లు చన్నీళ్లతో కడుక్కోవడం, ఎడమ పక్కకి తిరిగి పడుకోవడం, ఫోను దిండు కింద కాకుండా పక్కగదిలో పెట్టడం. న్యాయంగా చెప్పాలంటే వీటిలో తప్పేమీ లేదు. అరగక నిద్రపట్టనివాడికి మా అమ్మమ్మ కూడా ఫోను తప్ప ఇవే చెప్పేది, అయితే భయపెట్టకుండా చెప్పేది.

మందుల దగ్గరకొస్తే బాబాయ్ చెయ్యి ఆగదు. పల్లేరు కాయల కోసం ఒకణ్ణి ఫెర్రీ వైపు ఏటిగట్టుకి తోలాడు, వాడు కాలినిండా ముళ్లతో వచ్చాడు. దూలగొండి గింజల కోసం ఇంకొకణ్ణి కొండపల్లి కొండవారకి పంపాడు. ఆ కాయ మీది నూగు ఒంటికి తగిలితే ఏమవుతుందో ఆ పట్నం పిల్లాడికి తెలియదు. రాత్రి తెల్లవార్లూ గోక్కుంటూ కూర్చున్నాడు, కన్ను మూస్తే ఒట్టు. పొద్దున్నే బాబాయ్ ఎగిరి గంతేశాడు, "చూశావా, రాత్రి పోలేదుగా! పనిచేసింది!"

బెజవాడలో నాకు తెలిసిన ఆయుర్వేద డాక్టరుగారికి ఈ సంగతి చెబితే కడుపుబ్బా నవ్వారు. దూలగొండి, పల్లేరు వాజీకరణానికి వాడే మందులట, అంటే కోరికని పెంచేవి! "మంటో నొప్పో రక్తమో ఉంటే నా దగ్గరికి పంపు. దిగులు తప్ప ఇంకేం లేకపోతే ఆవకాయ వేసుకు తినమను" అన్నారు. ఆ దిగులుకి 1960లోనే ఎన్.ఎన్. విగ్ అనే మానసిక వైద్యుడు 'ధాత్ సిండ్రోమ్' అని పేరు పెట్టాడు. గోడల మీద 'నరాల బలహీనత' రాతల్లాంటి ప్రకటనలకి ముకుతాడు వేసే చట్టం 1954లోనే వచ్చింది. గోడలకి చదువు రాదు కాబట్టి రాతలు అలాగే ఉన్నాయి. బెజవాడ డాక్టర్ సమరం స్వాతి వారపత్రికలో ఇలాంటి సందేహాలకి ఏళ్ల తరబడి జవాబులు రాశారు. బాబాయ్ స్వాతి వదలకుండా కొనేవాడు, ఆ పేజీ వస్తే మాత్రం రెండు పేజీలు కలిపి తిప్పేసేవాడు.

ఓరోజు బాయిలర్ సెక్షన్ కుర్రాడొకడు ఎదురు తిరిగాడు. "బాబాయ్, బాయిలర్‌కి సేఫ్టీ వాల్వు ఎందుకు పెడతారు? ఒత్తిడి ఎక్కువైతే దానంతటదే వదలడానికేగా. వదిలిన ప్రతిసారీ బాయిలర్ చచ్చిపోయిందని ఏడిస్తే 1979 నించీ ఇక్కడ కరెంటు పుట్టేదా?" బాబాయ్ టీ గ్లాసు కింద పెట్టి, "నీకు వేడి తలకెక్కిందిరా" అని తేల్చేశాడు.

మొన్న రాత్రి పదిన్నరకి షిఫ్టు దిగి వస్తూ చూద్దును కదా, పునుగుల బండి దగ్గర చీకట్లో బాబాయ్! పొట్లం నిండా పునుగులు, పైన అల్లం పచ్చడి.

"ఏంటి బాబాయ్ ఇది?"

"నాకు అరవై ఏడురా. పోవడానికేముంది?" అని ఓ క్షణం ఎటో చూశాడు. తర్వాత బండివాడి వైపు పొట్లం చాపి, "ఇంకాస్త పచ్చడెయ్యి" అన్నాడు.