ప్రతి అప్‌డేట్‌కీ మానేసే మనిషి

మా బావ ఆన్‌లైన్ ఆట మానేశానంటే ఇంట్లో ఎవరూ తలెత్తి చూడరు. అక్క మాత్రం కూర కలుపుతూనే, "ఈసారి ఏం తగ్గించారట?" అంటుంది.

నలభై దాటిన మనిషి. ఉద్యోగం సాఫ్ట్‌వేర్, కాపురం మియాపూర్, గిల్డు, అంటే కలిసి ఆడే దండు, యూరప్‌లో. అక్కడ రాత్రి ఎనిమిదికి రెయిడ్, అంటే రాక్షసుడి మీద దండయాత్ర, మొదలైతే చలికాలంలో మనకి పన్నెండున్నర. ఆ దండులో బావ హీలర్. రాక్షసుడు చితకబాదుతుంటే వెనకాల నిలబడి అందరికీ ప్రాణం పోసే పని. ఇంట్లో పిల్లాడికి జ్వరమొస్తే పారాసిటమాల్ ఏ అరలో ఉందో తెలీదు.

బుధవారం సర్వర్లు ఆపి ప్యాచ్ వేస్తారు. ముందురోజు రాత్రే ఆటలో ఏమేం మార్చారో చెప్పే ప్యాచ్ నోట్స్ వచ్చేస్తాయి. వాటిని బావ చదివే తీరు చూడాలి. కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసి, ఫోను ముక్కుకి ఆనించి, యోధులూ మాంత్రికులూ ఏమైపోయినా పట్టనట్టు బొటనవేలితో పైకి నెట్టేసి, తన వర్గం పేరు దగ్గర ఆగుతాడు. కంచంలో పప్పన్నం మీద నెయ్యి పేరుకుపోతుంటుంది.

"నాలుగు శాతం!"

ఆయన వైద్యమంత్రం బలం నాలుగు శాతం తగ్గించారు. నెర్ఫ్ చేశారు. కంపెనీలో జీతం నాలుగు శాతమే పెంచిన రోజున కూడా ఇంత విలవిల్లాడలేదు.

"పోయినసారి ఆరు శాతం పెంచారు కదా బావా?"

"అది పెంచడం కాదురా, చేసిన తప్పు దిద్దుకోవడం."

కోపం బాగా ముదిరితే చరిత్రలోకి దిగుతాడు. 2003లో వచ్చిన స్టార్ వార్స్ గెలాక్సీస్‌లో ముప్పైకి పైగా వృత్తులుండేవి. కత్తి పట్టనక్కర్లేదు. బట్టలు కుట్టి బతకొచ్చు, వంట చేసి బతకొచ్చు, సత్రంలో నాట్యం చేసి బతకొచ్చు. జెడై వీరుడు కావాలంటే మాత్రం నెలల తరబడి తపస్సు చెయ్యాలి. 2005 నవంబరులో ఆ ఆట నడిపే సోనీ వాళ్ళు ఒక్క దెబ్బన వృత్తులన్నీ ఊడ్చేసి తొమ్మిది మిగిల్చారు. దర్జీ, వంటవాడు, ఇళ్ళు కట్టేవాడు అందరూ కలిసి వర్తకులైపోయారు. జంతువుల్ని మచ్చిక చేసే వృత్తి పూర్తిగా ఎగిరిపోయింది. జెడై అంటారా, ఇవాళ చేరినవాడు ఇవాళే జెడై. అదీ కొత్త భాగం ఒకటి డబ్బు పుచ్చుకుని అమ్మిన రెండు వారాలకే. గోల భరించలేక ఆ డబ్బు వాపసిస్తామన్నారు.

"అన్నాళ్ళు పెంచుకున్న జంతువుల్ని ఏం చేసుకోవాల్రా వాళ్ళు?" అని అడిగేటప్పుడు బావ గొంతు నిజంగానే బొంగురుపోతుంది. ఇక్కడ నేనూ నవ్వను. ఆట సులువు చేస్తే కొత్తవాళ్ళొస్తారని ఆశపడ్డారు; ఉన్నవాళ్ళు మూటాముల్లె సర్దుకున్నారు. 2011 డిసెంబరు 15న సర్వర్లు మూతపడ్డాయి. తన చేత్తో కట్టుకున్న దుకాణాన్ని అడగకుండా మార్చేస్తే, అది తెర మీది దుకాణమైనా కడుపు మండుతుంది.

అయితే అడిగింది చేసినా ఈ జాతికి సుఖం లేదు. వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్‌లో గుహలోకి వెళ్ళాలంటే ఒకప్పుడు ఊరి నడిబొడ్డున నిలబడి "ఒక ట్యాంకు కావాలి బాబో" అని, ముందు నిలబడి దెబ్బలు కాచేవాడి కోసం అరుచుకోవాలి. 2009లో డంజన్ ఫైండర్ పెట్టారు. మీట నొక్కితే జట్టు తయారు. స్నేహాలు చచ్చిపోయాయని ఏళ్ళ తరబడి ఏడుపు. సరేనని, 2022లో ఆ రోజుల నాటి భాగాన్ని క్లాసిక్ పేరుతో మళ్ళీ విడుదల చేసినప్పుడు ఆ మీట తీసేశారు. జట్టు దొరక్క చస్తున్నామని మళ్ళీ ఏడుపు. 2023లో పెట్టక తప్పలేదు. బావ రెండు ఏడుపుల్లోనూ ఉన్నాడు.

వీళ్ళ నాడి దొరికింది రూన్‌స్కేప్ వాళ్ళకే అనుకుంటాను. 2012లో యుద్ధం చేసే పద్ధతి మార్చి చేతులు కాల్చుకున్నాక, 2013లో జనాన్ని ఓటడిగి 2007 నాటి ఆటని తిరిగి తెచ్చారు. అప్పట్నుంచీ అందులో కొత్తగా పెద్దది ఏం చేర్చాలన్నా ఓటింగే. మొదట్లో నూటికి 75 మంది ఒప్పుకోవాలి, తర్వాత 70కి దించారు. బావకి అక్కడా ఖాతా ఉంది. ఆడడు, ఓటేస్తాడు. ప్రశ్న చదవడు. "వద్దు" నొక్కి, ప్రజాస్వామ్యం బతికే ఉందంటూ పడుకుంటాడు.

ఆయన దణ్ణం పెట్టే డెవలపర్ ఒకడే, నవోకి యోషిదా. 2010లో చతికిలబడ్డ ఫైనల్ ఫాంటసీ 14ని చేతికి తీసుకుని, 2012లో ఆ ప్రపంచం మీదికి చందమామనొకదాన్ని దింపి మొత్తం నాశనం చేసి, 2013లో కొత్తగా కట్టి ఇచ్చాడు. తప్పు ఒప్పుకున్న మగాడంటాడు బావ.

"మరి ఆ ఆట ఆడావా?"

"టైమెక్కడిదిరా? ఇక్కడ దీన్ని తిట్టడానికే సరిపోవట్లేదు."

పగలు బావ చేసేది బ్యాంకు యాప్. మొన్నామధ్య బ్యాలెన్స్ బటన్‌ని ముందు నుంచి తీసి మెనూ లోపల దాచారు. అది కనబడక మా నాన్న ఫోన్ చేశారు. బావ ఎంత నెమ్మదిగా చెప్పాడనుకున్నారు!

"నాలుగు రోజుల్లో అలవాటైపోతుంది మావయ్యగారూ. డేటా చూసే మార్చాం."

నాన్న యాప్ తీసేసి, పాస్‌బుక్ పట్టుకుని బ్యాంకుకి నడిచి వెళ్తున్నారు.

మీ ఇంట్లోనూ ఇలాంటివాడు ఒకడుంటే చిన్న మనవి: బుధవారం నాడు స్కూలు ఫీజు మాటెత్తకండి. శుక్రవారం అడగండి. ఈలోగా ఆట మానేసినవాడు ఏడాది చందా కట్టేసి ప్రశాంతంగా ఉంటాడు.