ఒక్కడే మునిసిపాలిటీ

జనవరిలో అరిజోనా రాష్ట్రంలోని క్వార్ట్‌జ్‌సైట్‌కి వెళ్తే ట్రైలరాయన తప్పకుండా కనిపిస్తాడు. మామూలు రోజుల్లో రెండు మూడు వేలమంది ఉండే ఎడారి ఊరు అది. చలికాలం రాగానే ఉత్తరాది మంచు పడని పెద్దవాళ్లు బండి వెనక ఇల్లు తగిలించుకుని లక్షల్లో వచ్చి దిగుతారు. ఊరి పక్కనున్న కేంద్రప్రభుత్వ భూమిలో, కొద్దిపాటి రుసుము కట్టి, సెప్టెంబర్ 15 నుంచి ఏప్రిల్ 15 దాకా ఉండిపోవచ్చు. ట్రైలర్ ఆపుకున్న చోట కరెంటు ఉండదు, కుళాయి ఉండదు, డ్రైనేజీ ఉండదు. ఆ మూడూ లేవనే ట్రైలరాయన అక్కడికి వస్తాడు.

వయసు అరవై దాటింది. నెత్తిన టోపీ, జేబులో టైర్ల గాలి చూసే గేజి, నడుముకి పది పనిముట్లు మడతపెట్టిన కత్తి. కొత్తవాళ్లు ఎదురైతే పేరు అడగడు, ఊరు అడగడు.

"దేంతో లాగుతున్నారు?" అంటాడు.

పేరు మూడో రోజున అడుగుతాడు. అప్పటికి మీ బండి ఇంజను, వెనక ఇరుసు, టైర్లు తయారైన వారం అన్నీ ఆయనకి కంఠతా వచ్చేసి ఉంటాయి.

ముప్పై ఏళ్లు ఇంటి అప్పు కట్టాడు, పచ్చిక కోశాడు, చూరుకి పేరుకున్న ఆకులు తీశాడు, ప్లంబర్ కోసం వీధి గుమ్మంలో ఎదురుచూశాడు. రిటైరవగానే ఈ గొడవలన్నీ వదిలేసి స్వేచ్ఛగా తిరగాలనుకున్నాడు. తిరుగుతున్నాడు కూడా. కాకపోతే ఇదివరకు ఊళ్లో మునిసిపాలిటీ చేసిపెట్టే పనులన్నీ ఇప్పుడు ఆయనే చేసుకుంటున్నాడు. విద్యుత్తు శాఖ ఆయనే, పారిశుద్ధ్య శాఖ ఆయనే, రవాణా శాఖ ఆయనే. ఫిర్యాదులు ఇచ్చేది మాత్రం భార్య.

ట్రైలర్ చరిత్ర చెప్పమని ఎవరూ అడగరు. ఆయన చెబుతాడు. వాలీ బయమ్ అనే ఆయన 1931లో కాలిఫోర్నియాలో ఎయిర్‌స్ట్రీమ్ కంపెనీ పెట్టడం దగ్గర మొదలవుతుంది. 1959లో అదే వాలీ బయమ్ నలభై దాకా ట్రైలర్లను వెంటేసుకుని కేప్‌టౌన్ నుంచి కైరోకి బయల్దేరిన సంగతి వచ్చేసరికి, మన ట్రైలరాయన కూడా ఆ దారి బురదలో బండి తోసినట్టే మాట్లాడతాడు. 1969 జులైలో చంద్రుడి దగ్గర్నుంచి తిరిగివచ్చిన ముగ్గురినీ అంటురోగాల భయంతో ఓడ మీద ఒక గదిలో పెట్టి తలుపు వేశారు కదా, అధ్యక్షుడు నిక్సన్ కిటికీలోంచి పలకరించాడు కదా, ఆ గది ఎయిర్‌స్ట్రీమ్ ట్రైలర్‌ని మార్చి కట్టిందే. ఇది నిజం. ట్రైలరాయన సొంత ట్రైలర్ వేరే కంపెనీది. అయినా ఆ ఘనతలో తనకీ వాటా ఉందన్నట్టే చెబుతాడు.

ముందు రవాణా శాఖ. ట్రైలర్‌కి ఇంజను ఉండదు. లాగే బండి ఉండాలి. ఫోర్డ్ ఎఫ్-150 సరిగ్గా అమర్చితే 13 వేల పౌండ్లకి పైగా లాగుతుందని కంపెనీ చెబుతుంది. తన ట్రైలర్ సామాన్లతో కలిపి 7 వేలే. ఇంకేం, సగం బలం మిగిలిపోయిందని ఆయన ట్రక్కు కొన్నాడు. కొన్న ఆరు నెలలకి ఎవరో డ్రైవర్ తలుపు తెరిచి, పక్కనున్న చిన్న స్టిక్కర్ చదవమన్నారు. మనుషులు, సామాన్లు అన్నీ కలిపి బండి మోయదగ్గ బరువు 1,500 పౌండ్లని దానిమీద ఉంది. లాగడం వేరు, మోయడం వేరు. ట్రైలర్ బరువులో నూటికి పది నుంచి పదిహేను వంతులు ముందు కొక్కెం మీద పడాలి. అంతకన్నా తగ్గితే హైవే మీద ట్రైలర్ తోక ఊపుతుంది. ఆ బరువంతా ట్రక్కు మోయాల్సిందే.

ఆ రాత్రి ఆయన నిద్రపోలేదు. కాగితం తీసి లెక్క వేశాడు. కొక్కెం మీద పడే బరువు 900. బరువుని సర్దే కొక్కెం సామగ్రి 100. తను 220. భార్య బరువు అడిగే ధైర్యం చాలక 160 అని రాసుకున్నాడు. కుక్క 70. జనరేటర్ 47. మొత్తం 1,497. ఇక మిగిలింది 3 పౌండ్లు. పనిముట్ల పెట్టె 60 పౌండ్లు ఉంటుంది. అది లేకుండా ఆయన పాలపేకెట్ తేవడానికి కూడా వెళ్లడు.

మర్నాటి నుంచి ఇంట్లో తూకం రాజ్యం మొదలైంది. ఇనప మూకుడు దిగిపోయింది. గట్టి అట్టల పుస్తకాలు దిగిపోయాయి. కుక్కని నడిపించడం పెరిగింది. హైవే పక్కన లారీలు ఆగే చోట పెద్ద కాటాలు ఉంటాయి. ఒక్కో ఇరుసు బరువు విడిగా చూపిస్తాయి. ఆ చీటీలన్నీ ఆయన ఫైలు చేసి పెట్టాడు. 1954లో వచ్చిన 'ద లాంగ్, లాంగ్ ట్రైలర్' సినిమాలో లూసిల్ బాల్ దారిపొడవునా అందమైన రాళ్లు ఏరి భర్తకి తెలియకుండా ట్రైలర్లో దాస్తుంది. ఆ బరువుతో కొండదారి ఎక్కాల్సివస్తుంది. జనం పడిపడి నవ్విన సినిమా అది. ఈయన మాత్రం దాన్ని భయానక చిత్రంలా చూస్తాడు. చూసిన ప్రతిసారీ లేచివెళ్లి భార్య అల్మరా తెరుస్తాడు.

రివర్సు సంగతి కూడా ఈ శాఖ కిందికే వస్తుంది. ట్రైలర్ తోక ఎడమకి పోవాలంటే స్టీరింగ్ కుడికి తిప్పాలి. చెయ్యి స్టీరింగ్ అడుగున పెట్టుకుంటే, చెయ్యి ఎటు జరిగితే ట్రైలర్ అటే పోతుందన్న కిటుకు ఆయనకి తెలుసు, పదిమందికి నేర్పాడు కూడా. భార్య వెనక నిలబడి చేతులూపడం మొదలుపెట్టగానే మర్చిపోతాడు. ఆ సమయంలో చుట్టుపక్కల క్యాంపుల్లో వాళ్లు కుర్చీలు ఇటు తిప్పుకుంటారు. టీవీ లేని చోట అంతకన్నా కాలక్షేపం ఏముంటుంది?

ఇక విద్యుత్తు శాఖ. మొదట్లో ఆయన దగ్గర సీసం బ్యాటరీలు ఉండేవి. మన ఇళ్లలో ఇన్వర్టర్ కింద పెట్టి, గుర్తొచ్చినప్పుడు డిస్టిల్డ్ వాటర్ పోస్తామే, దాదాపు ఆ జాతివే. వాటిలో సగానికి మించి వాడితే ఆయుష్షు తగ్గుతుంది. అంటే 100 ఆంపియర్-అవర్లకి డబ్బిచ్చి 50 వాడుకోవాలి. బరువేమో ఒక్కొక్కటి 60 పౌండ్ల పైన. రవాణా శాఖ అభ్యంతరం చెప్పింది. వెంటనే లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీలు వచ్చాయి. బరువు సగం, ఉన్నదంతా దాదాపు వాడుకోవచ్చు, వేలసార్లు ఛార్జి చేసుకోవచ్చు. ధర సంగతి భార్య అడిగితే "పదేళ్లకి లెక్కేసుకో" అన్నాడు. పదేళ్లకి వేసుకుంటే ఏదైనా చవకే.

లిథియంతో ఓ చిక్కుంది. సీసం బ్యాటరీ ఖాళీ అవుతున్నకొద్దీ వోల్టేజి దిగుతుంది, చూసి చెప్పొచ్చు. లిథియం వోల్టేజి చివరిదాకా 13 దగ్గరే నిలబడి, ఆఖర్న ఒక్కసారిగా పడిపోతుంది. అందుకని వచ్చిన కరెంటు, పోయిన కరెంటు లెక్కగట్టే షంట్ అనే పరికరం పెట్టాడు. అది బ్లూటూత్‌లో ఫోన్‌కి చెబుతుంది. అప్పట్నించి ఆయన రాత్రి రెండింటికి లేచి ఫోన్ చూసుకుంటున్నాడు. 87 శాతం. మూడింటికి మళ్లీ 86. ఆ ఒక్క శాతం ఎవరు తిన్నారో తేలేదాకా నిద్ర రాదు. తిన్నది సాధారణంగా ఫ్రిజ్ అవుతుంది. ఒక్కోసారి భార్య పక్కన వెలుగుతున్న చదువుకునే దీపం.

ఇంకో చిక్కు చలి. సున్నా డిగ్రీల కన్నా తక్కువలో లిథియం బ్యాటరీని ఛార్జి చేస్తే లోపల పాడైపోతుంది. అందుకని ఆయన బ్యాటరీలకి వేడిచేసే పరుపు వేశాడు. భార్యకి ఉన్ని శాలువా ఇచ్చాడు.

సౌర ఫలకాలు వచ్చాక ఆయన నీడని ద్వేషించడం నేర్చుకున్నాడు. అందరూ చెట్టు వెతుక్కుంటే ఈయన నడి మైదానంలో ఆపుతాడు. ఎండలో ట్రైలర్ కాగుతుంది. కాగితే ఏసీ కావాలి. ఏసీ 1,500 వాట్లు లాగుతుంది. 100 ఆంపియర్-అవర్ల లిథియం బ్యాటరీలో ఉండేది సుమారు 1,280 వాట్-అవర్లు, గంట కూడా రాదు. కాబట్టి ఇంకో బ్యాటరీ, దాన్ని నింపడానికి ఇంకో ఫలకం, ఫలకానికి ఇంకాస్త ఎండ.

"ఆ చెట్టు కిందికి జరిపితే ఏసీ అక్కర్లేదు కదా" అంది భార్య ఓసారి.

"అప్పుడు ఈ బ్యాటరీలన్నీ ఏం చేసుకోను?" అన్నాడు.

పారిశుద్ధ్య శాఖ గురించి ఆయన మాట్లాడేది భోజనాల దగ్గర. మామూలు ట్రైలర్లో మరుగుదొడ్డి కింద ఒక టాంకు ఉంటుంది. నిండాక దాన్ని లాక్కెళ్లి, గొట్టం తగిలించి, ఖాళీ చేసే చోట ఖాళీ చెయ్యాలి. 2006లో వచ్చిన 'ఆర్వీ' సినిమాలో రాబిన్ విలియమ్స్ ఆ గొట్టంతో పడ్డ పాట్లు చూసినవాళ్లకి వివరాలు అక్కర్లేదు. ట్రైలరాయన ఆ బాధ వదిలించుకోవడానికి వెయ్యి డాలర్లకి అటూ ఇటూ పోసి కంపోస్టింగ్ టాయిలెట్ పెట్టించాడు. అందులో ద్రవం ముందు సీసాలోకి, ఘనం వెనక డబ్బాలోకి విడివిడిగా పోతాయి. రెండూ కలిస్తేనే కంపు, విడదీస్తే వాసన దాదాపు ఉండదు. డబ్బాలో తడిపిన కొబ్బరి పొట్టు ఉంటుంది. వాడిన ప్రతిసారీ పక్కనున్న పిడి తిప్పితే అంతా కలుస్తుంది. చిన్న ఫ్యాను రాత్రింబవళ్లు తిరుగుతూ గాలిని బయటికి పంపుతుంది. ఆ ఫ్యాను కరెంటు లెక్క విద్యుత్తు శాఖ విడిగా రాసుకుంటుంది.

ఆ కొబ్బరి పొట్టు మనదీ కావచ్చు. పొల్లాచ్చిలోనూ కోనసీమలోనూ పీచు తీసిన చోట గుట్టలుగా పడివుండేదాన్నే కడిగి, ఎండబెట్టి, ఇటుకల్లా నొక్కి భారతదేశం నుంచి ఓడలెక్కిస్తారు. హైదరాబాదులో మిద్దెతోటలవాళ్లు దానిలో టమాటా పెంచుతారు. అరిజోనాలో దాని విధి వేరు.

ఇద్దరు మనుషులుంటే సీసా రెండు మూడు రోజులకోసారి ఖాళీ చెయ్యాలి. డబ్బా మూడు నాలుగు వారాలు వస్తుంది. ఆ కొద్ది వారాల్లో ఏదీ కంపోస్టు అవదు, ఆరి పొడిబారుతుందంతే. నిజంగా ఎరువు కావాలంటే నెలల తరబడి మాగాలి. ఈ మాట ఎవరైనా అంటే ఆయనకి కోపం. అతిథులొస్తే మంచినీళ్ల కన్నా ముందు శిక్షణ ఇస్తాడు. మగవాళ్లు కూర్చోవాలి, ఇందులో మినహాయింపు లేదు. ఎప్పుడు ఏ మూత తెరవాలి, పిడి ఎన్ని చుట్లు తిప్పాలి, అన్నీ చేసి చూపిస్తాడు. శిక్షణ పూర్తయ్యేసరికి చాలామంది అతిథులకి అవసరం తీరిపోతుంది, పెట్రోలు బంకు దాకా నడిచివస్తామంటారు.

వేసవిలో ఆయన ఎల్లోస్టోన్ వైపు వెళ్తాడు. డబ్బిస్తే కరెంటు ఇచ్చే క్యాంపులో ఒకసారి పక్కన ఒక తెలుగు కుటుంబం దిగింది. అద్దె ట్రైలర్, ఇద్దరు సాఫ్ట్‌వేర్ ఇంజనీర్లు, పిల్లలు, ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్న. ఏసీ తిరుగుతోంది, రైస్ కుక్కర్ ఉడుకుతోంది, కోడలు మైక్రోవేవ్‌లో పాలు పెట్టింది. టప్పుమని అన్నీ ఆగిపోయాయి.

"ఒరేయ్ నాన్నా, ఇక్కడా కరెంటు కోతేనట్రా?" అంది పెద్దావిడ.

ట్రైలరాయన పరుగున వచ్చేశాడు. 30 ఆంపియర్లు, 120 వోల్టులు, మొత్తం 3,600 వాట్లు. ఏసీ 1,500, మైక్రోవేవ్ 1,500, కుక్కర్ 700, ఏదో ఒకటి ఆగాలి కదా అని వేళ్లమీద లెక్కగట్టి చూపించాడు. అబ్బాయి అంతా విని బ్రేకర్ పైకి తోశాడు. పెద్దావిడ ఏసీ ఆపేసి, అన్నం ఉడికాక, పప్పుకి పోపు పెట్టింది. ఇప్పుడు పొగ అలారం కూసింది. ట్రైలరాయన మళ్లీ పరుగున వచ్చాడు. ఈసారి పళ్లెం చేతికిచ్చి కూర్చోబెట్టారు. పప్పన్నం తింటూ పెద్దాయనకి కొబ్బరి పొట్టు సంగతి మొదలుపెట్టాడు. అబ్బాయి అనువాదం సగంలో ఆపేశాడు. పెద్దాయన వదల్లేదు. రాజోలు దగ్గర తమకీ తోట ఉందనీ, పొట్టు బస్తా ధర ఎంత పలుకుతోందో కనుక్కోమనీ కొడుకుని తొందరపెట్టాడు.

అమెరికాలో లక్షల కుటుంబాలకి ఏదో ఒక రకం చక్రాల ఇల్లు ఉంది. 2021లో, కోవిడ్ వల్ల విమానం ఎక్కడానికి జనం జంకిన రోజుల్లో, ఒక్క ఏడాదే 6 లక్షల బళ్లు ఫ్యాక్టరీలు దాటాయి. వాటిలో ఎక్కువ భాగం తయారయ్యేది ఇండియానా రాష్ట్రం ఎల్క్‌హార్ట్ చుట్టుపక్కలే. ఏడాదిలో ఎక్కువ రోజులు ఈ బళ్లు ఇంటి పక్కన నిలబడే ఉంటాయి. అయితే ట్రైలరాయన దృష్టిలో ఆ రోజులు వృథా కావు. పైకప్పు అతుకులకి బంక రాయడం, బేరింగులకి గ్రీజు పెట్టడం, ఏళ్లు మీరిన టైర్లు మార్చడం అప్పుడే కుదురుతుంది. గ్రాండ్ కాన్యన్ అంచున ఆయన తీసుకున్న ఫొటోలు చూడండి. లోయ మూలగా, కొంచెంగా కనిపిస్తుంది. మధ్యలో కొత్త కొక్కెం ఉంటుంది.

ఈ ఏడాది ఆయనకి తన 24 అడుగుల ట్రైలర్ ఇరుకనిపించింది. 26 అడుగులది చూశాడు. ఆ రెండు అడుగుల్లో ఇంకో రెండు బ్యాటరీలు పడతాయి. దాని బరువుకి ట్రక్కు చాలదు కాబట్టి ట్రక్కు కూడా చూశాడు. పాత ట్రైలర్‌ని అమ్మకానికి పెట్టాడు.

మర్నాడే ఒక కుర్ర జంట చిన్న ఎస్‌యూవీలో వచ్చింది. ట్రైలర్ తలుపు తియ్యకముందే ఆయన వాళ్ల బండి తలుపు తీసి స్టిక్కర్ చదివాడు. తర్వాత మూడు గంటలు శిక్షణ. కుర్రాడు టాయిలెట్ పిడి కూడా తిప్పి చూశాడు, అమ్మాయికి కిటికీలు నచ్చాయి, చెక్కు చేతిలో పట్టుకున్నారు. ట్రైలరాయన తల అడ్డంగా ఊపాడు. కొనదగ్గ ట్రక్కుల జాబితా రాసిచ్చి, వాటిలో ఒకటి కొన్నాక రమ్మని పంపించేశాడు.

"చెక్కు కూడా బరువెక్కువైందా?" అంది భార్య కిటికీలోంచి.

ఆయన వినిపించుకోలేదు. ప్రకటన తిరగరాస్తున్నాడు. కొనదలచినవాళ్లు తమ బండి తలుపు పక్కనున్న స్టిక్కర్ ఫొటో ముందుగా పంపాలని చేర్చాడు. ప్రకటనలో ఆరు ఫొటోలు పెట్టుకోవచ్చు. నాలుగు బ్యాటరీలవి, ఒకటి టాయిలెట్‌ది, ఒకటి కొక్కేనిది. వంటిల్లు కూడా ఒకటి పెట్టమని భార్య అంటే, చోటు లేదన్నాడు.