చురక: దొరల బండికి దొడ్డి వైద్యం

1970లో బ్రిటన్‌లో విడుదలైన రేంజ్ రోవర్, లోపలి బురదను గొట్టంతో నీళ్లు కొట్టి కడుక్కునే మోటు బండిగా పుట్టి, తోలు సీట్లు, చెక్క తాపడాలతో క్రమేణా దొరల బండిగా మారింది. 1992లో దీని ఖరీదైన రకాలకు ఉక్కు స్ప్రింగుల స్థానంలో గాలి సస్పెన్షన్‌ను, అనగా కంప్రెసర్ నింపే గాలితో బండిని పైకెత్తి దించే రబ్బరు తిత్తుల ఏర్పాటును జోడించారు. వయసు మీదపడి ఆ తిత్తులు మడతల దగ్గర పగిలినప్పుడు గాలి సన్నగా కారిపోవడం, ఆ లోటు పూడ్చబోయి కంప్రెసర్ ఊపిరి సలపక తిరిగి మాడిపోవడం, తెల్లవారేసరికి బండి ఒక మూలకు ఒరిగి ఉండటం ఈ వ్యాధి లక్షణాలు. ఇంటి గ్యారేజీలోనే వైద్యానికి పూనుకున్న యజమాని, తిత్తులు పీకేసి మళ్లీ ఉక్కు స్ప్రింగులే బిగించి దానిని ఆధునికీకరణగా పరిగణించడం సాంకేతిక ప్రగతిలో ఒక విశేష ఘట్టం. పైనున్న అల్యూమినియం రేకులు నిగనిగలాడుతుండగానే కింది ఉక్కు భాగాలలో స్క్రూడ్రైవర్ వెన్నలో దిగినట్టు దిగుతుంది గనుక, చారాణా కోడికి బారాణా మసాలా అనే సూత్రం ఇక్కడినుంచి అమలులోకి వస్తుంది.

బ్రిటన్‌లో 40 ఏళ్లు దాటిన కార్లకు ఎంఓటీ, అంటే ఏటా జరిగే భద్రతా పరీక్ష, అక్కర్లేదు. అయితే గత 30 ఏళ్లలో వాటిని గణనీయంగా మార్చి ఉండరాదన్నది షరతు. అందువల్ల బండిని మితిమీరి బాగుచేసినవారు పరీక్షకు నిలబడవలసి రావచ్చు. సగం విప్పి గుడ్డ కప్పి ఉంచినవారికి ఆ బెడద లేదు.