వదిన గాజులు

2014 ఏప్రిల్ ఆఖర్లో అన్నయ్య మిర్చి అమ్మిన డబ్బు తువాలులో చుట్టుకుని గుంటూరు యార్డు నుంచి నేరుగా మా ఇంటికొచ్చాడు. "బ్యాంకుకెళ్లి మీ వదిన గాజులు విడిపించేద్దామా రా?" అన్నాడు. వద్దన్నాను. ఆ ఒక్క మాట ఇన్నేళ్లుగా నన్ను తినేస్తోంది.

పంట రుణం 90 వేలు అన్నయ్య పేర ఉంది. నాలుగు గాజులు, ఒక గొలుసు కుదువపెట్టి సాగుకు తెచ్చిన 1,20,000 వదిన పేర ఉంది. అప్పటి ఎన్నికల్లో నేను నమ్మిన పార్టీ, రుణాలన్నీ మాఫీ చేస్తానంది. ఆ కరపత్రం అన్నయ్యకు నేనే చదివి వినిపించాను. ఆయన ఏడో తరగతితో చదువు ఆపేసినవాడు. అయినా అడగాల్సినవన్నీ ఆయనే అడిగాడు. "మా ఇద్దరి పేర్లకీ వర్తిస్తుందా? ఏ తేదీ దాకా తీసుకున్న అప్పులకి? ఎంతవరకు? ఒక్కసారే ఇస్తారా?"

"ముందు గెలవనీ అన్నయ్యా, లెక్కలు ఆఫీసర్లు చూసుకుంటారు" అన్నాను.

తెలియక అన్న మాట కాదది. నేను ఇంటర్ పిల్లలకు సివిక్స్ చెప్తాను. 2013 జూలై 5న సుబ్రహ్మణ్యం బాలాజీ కేసులో సుప్రీంకోర్టు, మేనిఫెస్టోలకు మార్గదర్శకాలు రూపొందించమని ఎన్నికల సంఘానికి చెప్పింది. ఆ ఎన్నికలకు ముందే అవి ప్రవర్తనా నియమావళిలో చేరాయి. హామీ ఎందుకిస్తున్నారో చెప్పాలి, దానికి డబ్బు ఎలా తెస్తారో స్థూలంగానైనా చూపాలి. ఈ ముక్క బోర్డు మీద రాసి పిల్లలచేత నోట్సు రాయించాను. అదే సాయంత్రం ఇంట్లో అన్నయ్య నోరు మూయించాను.

ఆ తువాలులో డబ్బు ఇంకో రెండెకరాల కౌలుకు వెళ్లిపోయింది.

ఆగస్టులో జీవో వచ్చింది. 2013 డిసెంబర్ 31 లోపు తీసుకున్నవాటికే. కుటుంబం మొత్తానికి లక్షన్నర దాటదు. అదీ పంటకు ఎకరాకి ఇంత అని ముందే నిర్ణయించిన రుణ పరిమితికి లోబడి. భార్యాభర్తల అప్పులు కలిపి ఒకటే లెక్క. యాభై వేలు దాటినవాళ్లకు తొలి విడతగా ఐదో వంతు, మిగతాది ఏటా కొంత. అన్నయ్య అడిగిన నాలుగు ప్రశ్నలకూ జవాబులు వచ్చాయి, ఓటేశాక మూడు నెలలకి.

ఈలోగా అప్పు కట్టాల్సిన గడువు దాటింది. సకాలంలో కడితే కేంద్రం ఇచ్చే 3 శాతం రాయితీ పోయింది. వచ్చిన తొలి విడత చాలావరకు వడ్డీకే జమైంది. 2015లో వేలం నోటీసు వచ్చిన రోజు వదిన నన్నేమీ అనలేదు. కాఫీ గ్లాసు అందిస్తుంటే ఆమె చేతులకు ఆకుపచ్చ మట్టిగాజులు మాత్రమే ఉన్నాయి. తలెత్తి చూడలేకపోయాను.

ఖజానా తాళాలు చేతికి రాకముందే అభ్యర్థి పైసాతో సహా ఎలా చెప్పగలడని మా స్టాఫ్ రూములో ఇప్పటికీ అంటారు. ఒకప్పుడు నేనూ అలాగే వాదించాను. రాష్ట్రం అప్పుడే విడిపోతోంది, ఆదాయమెంతో ఎవరికీ తేలలేదు, నిజమే. కానీ పైసల లెక్క ఎవరడిగారు? ఎవరికి, ఏ తేదీ దాకా, ఎంతవరకు, ఎన్నాళ్లలో అన్నది ఖజానా తెరవకుండానే చెప్పొచ్చు. ఖజానా ఎంతో తెలియనప్పుడు 'అన్నీ' అన్న మాట కూడా అనకూడదు కదా. మొన్న మొన్నటి దాకా ఈ మాట నాకు తట్టలేదు. తట్టనివ్వలేదేమో కూడా.

2024లో ప్రచారానికి వచ్చిన అభ్యర్థి మా అరుగు దగ్గర ఆగి కరపత్రం ఇచ్చాడు. అన్నయ్య దాన్ని తిప్పి చూసి, "ఎవరెవరికి బాబూ ఇది?" అన్నాడు. అభ్యర్థి నవ్వి దండం పెట్టి పక్కింటికి కదలబోయాడు. నేను గబగబా అరుగు దిగాను. "ఆయన అడిగినదానికి చెప్పి వెళ్లండి" అన్నాను.