లైసెన్సు మామ

తిరుచ్చులి వైపు తెల్లచొక్కా జేబుకు ఒక మర్యాద ఉంది. గుడ్డ పల్చగా ఉండాలి, లోపల పెట్టింది బయటికి కనపడాలి. పార్టీవాళ్ళు అందులో తమ నాయకుడి బొమ్మ పెట్టుకుంటారు, భక్తులు మురుగన్‌ను పెట్టుకుంటారు. మా లైసెన్సు మామ పెట్టుకునేది తుపాకీ లైసెన్సు జెరాక్సు. నాలుగు మడతలు వేసి, ఫోటో ఉన్న పక్కను జనం వైపు తిప్పి మరీ పెట్టుకుంటాడు. తుపాకీ ఇంట్లో ఉంటుంది, ఇంట్లో లేకపోతే స్టేషన్లో ఉంటుంది. కాగితం మాత్రం స్నానానికి తప్ప మామను వదలదు.

ఆయనకు అసలు పేరొకటి ఉంది కానీ రేషన్ కార్డు మీద తప్ప ఎవరూ వాడరు. అరుప్పుక్కోట్టై నుంచి కోవిల్‌పట్టి దాకా మన తెలుగిళ్ళల్లో, నాయకర్లలోనో రెడ్డియార్లలోనో, ఇలాంటి మామ ఎక్కడో ఒకచోట తగులుతాడు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, జేబులో ఇంగ్లీషు.

ఆయుధం కాన్పూర్‌లో చేసిన .32 రివాల్వర్. అది పేలిన చప్పుడు ఊళ్ళో ఎవరూ వినలేదు. పక్కనే శివకాశి ఉంది కాబట్టి విన్నా దాని చప్పుడని నమ్మరు. "దేనికి మామా ఇది?" అంటే "తోటలో అడవిపందులురా" అంటాడు. రివాల్వరు పట్టుకుని అడవిపంది జోలికి పోయేవాడికి లైసెన్సు కన్నా ముందు ఇన్సూరెన్సు కావాలి. అసలు సంగతి వంశం. పాలెగాడు కట్టబొమ్మన్ తమవాడేనంటాడు. ఆయన్ను 1799 అక్టోబరు 16న కయత్తారులో ఉరి తీశారు. రెండేళ్ళకు, 1801 డిసెంబరులో, మద్రాసు గవర్నరు ఎడ్వర్డ్ క్లైవ్ దక్షిణాది పాలెగాళ్ళెవరూ ఆయుధాలు ఉంచుకోకూడదని చాటించాడు. ఆ చాటింపు నిన్న సాయంత్రమే విన్నట్టు మామకు రోషం. "తెల్లోడు గుంజుకున్నది కలెక్టరు తిరిగిచ్చినాడు అల్లుడా" అంటూ జేబు తట్టుకుంటాడు.

అసలు లైసెన్సు బీరువాలో, అత్త పట్టుచీరల కింద, నాఫ్తలీన్ ఉండల మధ్య ఉంటుంది. పైకి తీస్తే అరిగిపోతుందని మామ భయం. అందుకని కాపీకి కాపీ, దానికి మళ్ళీ కాపీ. తరం మారేకొద్దీ ఫోటోలో మామ నల్లబడుతూ వచ్చాడు. మొదట చెవులు పోయాయి. తర్వాత ముక్కు చెంపల్లో కలిసిపోయింది. ఇప్పటి కాపీని వెలుతురుకు పట్టి చూస్తే మిగిలింది మీసం ఒక్కటే.

తాలూకా ఆఫీసు ఎదురుగా జెరాక్సు కొట్టు కుర్రాడు జాలిపడి, "మామా, కలర్లో తీస్తే మొహం కొంచెమైనా తెలుస్తుంది" అన్నాడు. మామ వాణ్ణి ఎగాదిగా చూశాడు. "కలర్లో ఉంటే దొంగదనుకుంటారురా. నలుపూ తెలుపూ అయితేనే గవర్నమెంటు."

కాపీ తీయగానే పని అయిపోదు. దానిమీద గెజిటెడ్ ఆఫీసరు సంతకం పడాలి. ఎవరి కాగితం మీద వాళ్ళే సంతకం పెట్టుకుంటే చాలని కేంద్రం చెప్పి ఏళ్ళయింది. మామ ఒప్పుకోడు. "నాకు నేనే సాక్షినైతే అదేం సాక్ష్యం?" అని నేరుగా పశువుల డాక్టరు దగ్గరికి పోతాడు. ఆయన ఎనుముకు సూది వేసి, చేతులు కడుక్కుని వచ్చేదాకా పేడలో నిలబడతాడు. ఆకుపచ్చ సిరా ఆరేదాకా కాగితం మీద ఊదుతూనే ఉంటాడు.

అలా పవిత్రమైన కాపీలు టీవీఎస్ ఎక్సెల్ సీటు కింద ఒకటి, ఫోను కవరులో ఒకటి, పూజగదిలో తిరుమేనినాథస్వామి పటం వెనక ఒకటి, కోవిల్‌పట్టి వియ్యంకుడి ఇంట్లో ఒకటి. అత్త బియ్యం డబ్బాలో సోల ముంచితే ఒకటి పైకొచ్చింది. "ఇంకా నయం, తుపాకీ రాలేదు" అంది అత్త.

ఎలక్షన్లు వస్తే మామకు పండగ. తుపాకీ అప్పగించమని స్టేషను నుంచి కబురొస్తుంది. 2019లో పార్లమెంటుకు, ఆ ఏడాది చివర్లోనే పంచాయతీలకు, 2021లో అసెంబ్లీకి, 2024లో మళ్ళీ పార్లమెంటుకు. అప్పగించిన ప్రతిసారీ ఒక రసీదు. రసీదుకు జెరాక్సు. ఆ జెరాక్సు మీద పశువుల డాక్టరు.

2019 చట్ట సవరణతో లైసెన్సు గడువు మూడేళ్ళ నుంచి ఐదేళ్ళయింది. లైసెన్సున్న మిగతావాళ్ళు సంతోషించారు, మామ మాత్రం నొచ్చుకున్నాడు. రెన్యూవల్‌కు విరుదునగర్ పోయి వరసలో నిలబడి, ఎందుకొచ్చారని ఎవరైనా అడిగితే "గన్ లైసెన్సు" అని తాపీగా చెప్పే సుఖం ఐదేళ్ళకొకసారికి పడిపోయింది గదా.

తిరుపతి పోయినప్పుడు అలిపిరి తనిఖీలో ఎవరూ అడగకుండానే కాగితం తీసి చూపించాడు. ఆ తర్వాత తుపాకీ కోసం మామను, అత్తను, ప్రసాదానికని తెచ్చుకున్న ఖాళీ డబ్బాను కూడా వెతికారు. లేని తుపాకీని లేదని నిరూపించడానికి చాలాసేపు పట్టింది. కొండెక్కాక మామ ముఖంలో వెలుగు దర్శనానికి ముందే వచ్చేసింది.

మా తిరుచ్చులికి కాగితం లేకుండా బతకడం తెలియక కాదు. లిట్టన్ దొర ఆయుధాల చట్టం 1878లో వచ్చింది. మరుసటేడు డిసెంబరు 30న ఇక్కడే వేంకటరామన్ పుట్టాడు, తర్వాతి రమణ మహర్షి. తండ్రి సుందరమయ్యర్ పట్టా లేని వకీలే, అయినా పార్టీలు ఆయన దగ్గరికే వచ్చేవారు. కొడుకైతే స్వామి అయ్యాక జేబున్న బట్టే కట్టలేదు. ఈ మాట మామ దగ్గరంటే, "స్వామికి తుపాకీ లేదు గదరా" అన్నాడు. దీనికి జవాబు నాకు తోచలేదు.

మొన్న రెన్యూవల్‌కు ఆయుధం చూపించాలని ఎక్సెల్ మీద బయల్దేరాం. వెనక నేను. నిబంధన ప్రకారం రివాల్వరు ఒరలో, ఒర చొక్కా కింద. సంచీ నిండా కాపీలు. దారిలో వాహనాల తనిఖీ. ఎవరూ ఆపమనక ముందే మామ బండి ఆపాడు.

ఎస్సై ఒర చూసి, "లైసెన్సు?" అన్నాడు.

మామ జేబులోంచి ఒకటి, ఫోను కవరులోంచి ఒకటి, సీటు కిందనుంచి ఒకటి తీసి బండి మీద పరిచాడు.

"ఒరిజినల్?"

ఒరిజినల్ బీరువాలో ఉంది. బీరువా తాళం అత్త కొంగున ఉంది. అత్త సాత్తూరులో సీమంతానికి పోయింది.

1959 ఆయుధాల చట్టం 19వ సెక్షన్ ఇలాంటి రోజుకే రాశారు. ఆయుధంతో పోయేవాణ్ణి పోలీసు లైసెన్సు చూపమనవచ్చు. చూపకపోతే పేరూ ఊరూ అడగవచ్చు, కావాలంటే ఆయుధం తీసుకోవచ్చు. ఎస్సై పుస్తకం చూసినట్టే అన్నీ వరసగా చేశాడు. మధ్యలో ఒక కాపీని ఎండకు పట్టి, "ఈ ఫోటో ఎవరిది?" అన్నాడు. మామ పక్కకు తిరిగి మీసం దువ్వాడు. ఎస్సై కాసేపు పోల్చి చూసి, మీసం వరకు ఒప్పుకున్నాడు.

రేపు ఒరిజినల్ తెచ్చి తీసుకుపొమ్మని రివాల్వరు ఉంచుకుని రసీదు రాసిచ్చారు. ఈసారి నేను ముందు కూర్చుని బండి తిప్పాను. ఇంటికే కదా అనుకుంటే భుజం తట్టాడు.

"కొట్టు మూసేస్తాడురా, తొందరగా పోనీ. దీనికి రెండు తీయించాల."